ఒడ్డు మీద రుత్విక్

గోదావరి ఒడ్డున తమకున్న అరెకరం చెలకను సర్కారు తీసుకుంటుందని తెలిసినప్పుడు సారక్కను పట్టుకున్న భయం భూమి పోతుందని కాదు. కొడుకు మీద నుంచి మనుషులు నడుస్తారని.

రుత్విక్ జ్వరంతో పోయినప్పుడు వాడికి మూడేళ్ళు. వాళ్ళలో అంత చిన్నపిల్లలను కాల్చరు, సొంత చెలకలో పూడుస్తారు. పైన రాయి పెట్టరు. తల్లిని వెంట రానివ్వరు. భర్త నర్సింగం, అతని తమ్ముడు పోయి పని ముగించుకొచ్చారు. తర్వాత ఆమె ఏడ్చి ఏడ్చి అడిగితే నర్సింగం ఒడ్డునున్న తుమ్మచెట్టు చూపించి, "గా మొదట్ల" అన్నాడు.

అప్పటి నుంచి ఆమెకు అదే కాపలా. కుక్కలు తవ్వుతాయేమోనని చుట్టూ ముళ్ళకంప వేసింది. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగు జరిగి ఇంటి రేకులు అదిరితే, అక్కడ వాడు ఉలిక్కిపడి ఉంటాడని గుండె పట్టుకునేది.

ఇప్పుడు సర్కారు ఒడ్డు పొడుగునా పట్టాభూములన్నీ తీసుకుని, ఇసుక లారీలు దిగకుండా, ఎవరూ తవ్వకుండా కాపాడి, చెట్లు పెంచుతుందట. ఊరి జనమంతా నదిదాకా పోయేట్టు నడకదారి వేస్తుందట. బొగ్గు దుమ్ములో బతికే ఊరు, అందరూ మంచిపనే అన్నారు. సారక్కకూ కాదనడానికి నోరు రాలేదు.

"ఇగ నీకేందే, ఆఫీసర్ల పెండ్లాల లెక్క పొద్దుమూకి వాకింగు చేస్తవు" అని పక్కింటి కనకవ్వ ఎకసెక్కమాడింది. సారక్క నవ్వలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని చెలకకు నడిచింది.

అక్కడ ఇంజనీరు జగదీశ్వర్ సున్నంతో గీతలు గీయిస్తున్నాడు. ఆ తెల్లగీత తిన్నగా తుమ్మచెట్టు మీదికే వచ్చింది.

"సారూ, నడిచే తొవ్వ ఈడికెళ్ళే పోతదా?"

"అవునమ్మా. రేపు జేసీబీ వస్తది. ఈ చెట్టు తీసేస్తం."

"ఆడ నా కొడుకున్నడు సారూ."

 జగదీశ్వర్ చెట్టు దగ్గరి గీతను బూటుతో చెరిపేశాడు. "మీ ఆయనను తోల్కరా. ఎంత మేర ఇడవాల్నో చూపెడితె తొవ్వ వంపు తిప్పుత. ఇది ఇగ అందరి జాగ, నువ్వు ఎప్పుడైనా రావొచ్చు."

ఆమె ఇంటికి ఉరికింది. నర్సింగం గనిలో మొదటి షిఫ్టు దిగొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు.

"జల్ది లెవ్వయ్యా, సారు వంపు తిప్పుతాండు!"

"చెట్టు నీకెరుకే గద. నువ్వే చూపియ్యరాదు?"

"నన్ను రానిచ్చిండ్రా ఆనాడు? తల ఎటు, కాళ్ళెటు, నాకేమెరుక? ఆళ్ళు గునపం దించితె వాని మీద పడ్తె ఎట్ల?"

నర్సింగం కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు.

ఒడ్డు మీద అతను చెట్టు దగ్గర ఆగలేదు. దాన్ని దాటి, తెగిన ఒడ్డు అంచుదాకా పోయి నిలబడ్డాడు. "సారూ, జర అవుతలికి పోతరా" అన్నాడు. జగదీశ్వర్ దూరం జరిగాడు.

"చెట్టు కాడ లేడే," అన్నాడు నర్సింగం ఆమె వైపు చూడకుండా. "ఇంకా ముందట్కి పెట్టినం. మన్ను మెత్తగుంటదని. మల్ల వానకాలమే గోదారి ఒడ్డును కోసుకపోయింది."

"మరి చెట్టు?"

"నువ్వు అన్నం ముడ్తలేవు. అసలు జాగ తల్లికి చూపియ్యరు గద. కండ్లకు కనవడ్డ చెట్టు చూపిన. ఒడ్డు తెగినంక చెప్తె బతుకుతవనుకోలే."

"పోయిన సంగతి మీ తమ్మునికి ఎరుకనా?"

"ఎవ్వలకు చెప్పలే. ఒక్కన్నే వచ్చి చూసుకున్న. చూసి డ్యూటీకి పోయిన."

ఎప్పుడూ చెడే జరుగుతుందనుకునే సారక్క ఊహకు ఇదొక్కటి అందలేదు. ఆ ఏడు ఒడ్డు తెగిందని విని తాను పిచ్చిదానిలా పరుగెత్తుకొచ్చింది. చెట్టు నిలిచే ఉందని చూసి గంగమ్మకు కొబ్బరికాయ కొట్టింది. అప్పుడు నర్సింగం పక్కనే ఉన్నాడు. కొబ్బరిచెక్క చేతిలో పెడితే తిన్నాడు కూడా.

"నీళ్ళల్లనా..." అంది. "చేపలు..."

"గందుకే చెప్పలే."

జగదీశ్వర్ సున్నం బకెట్ మనిషిని వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. "ఎంత ఇడవాలమ్మా?"

నర్సింగం చెట్టు వైపు చెయ్యెత్తాడు. ఏదో ఒక మేర చూపించేవాడే.

"ఏం ఇడవకుండ్రి," అంది సారక్క. "చక్కగనే పోనియ్యిండ్రి. ఈడ ఎవ్వలు లేరు."

ఇంజనీరుకు ఏమీ అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆమె కింద పారుతున్న నీళ్ళనే చూస్తోంది.

"సారూ, మీ తొవ్వ నీళ్ళ దాక దిగుతదా?"

"దిగుతదమ్మా. మెట్లు కడ్తం."

"చెయ్యి పెడ్తె అందేటట్టు కట్టుండ్రి."

నర్సింగం ఆమె భుజం పట్టుకోబోయాడు. ఆమె పట్టుకోనివ్వలేదు.