తెర చాటు చెయ్యి

"రక్తం విరేచనానికి ముందు పడుతోందా, తర్వాతా? అడుగు," అన్నాడు వైద్యుడు తెర అవతలి నుంచి.

మొలలతో వచ్చే ఆడవాళ్ళు ఆయన ముందు నోరు విప్పరు. అందుకే ఆయన భార్య తెర లోపల వాళ్ళ పక్కన కూర్చుని, ఆయన ప్రశ్నను చెవిలో ఊదుతుంది, జవాబును పైకి చెబుతుంది. నొప్పా, దురదా, ఎరుపా, నలుపా అన్నీ అయ్యాక రోగి చెయ్యి తెర సందులోంచి బయటికి వెళుతుంది. ఆయన కళ్ళు మూసుకుని నాడి చూస్తాడు. పెళ్ళైన కొత్త నుంచీ ఆమె ఉద్యోగం ఇదే. జీతం లేదు, సెలవు అంతకన్నా లేదు. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ గుట్టు ఆమె కడుపులో ఉంది. ఇక తన గుట్టు దాచుకోవడానికే చోటు చాలడం లేదు.

చివరి మనిషి వెళ్ళిపోయింది. ఇవాళ చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని ఆమెకు తెలుసు.

"ఇంకొకావిడ ఉందండి," అంది.

"ఏమిటట?"

"నల్లగా పడుతోందట. నొప్పి లేదట. అన్నం సయించడం లేదు. జాకెట్లన్నీ వదులైపోయాయట. కడుపులో ఓ పక్క గట్టిగా తగులుతోందట."



"చెయ్యి ఇమ్మను."

గాజులు పైకి ఎగదోసుకుని చెయ్యి చాపింది. ఇన్నేళ్ళు ఈ చేత్తో పెట్టిన అన్నం తిన్న మనిషి, గుర్తుపడతాడని భయం. పట్టడేమోనని అంతకన్నా భయం. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా?

ఆయన వేళ్ళు మణికట్టు మీద చాలాసేపు ఆగాయి.

"ఇది మొలలు కాదు," అన్నాడు గొంతు తగ్గించి. "నా మందుకు లొంగేది కాదు. ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్ళమను. ఇప్పటికే ఆలస్యమైంది. మనిషి ఇంత చిక్కిపోతుంటే మొగుడికి కళ్ళు లేవా?"

"తీరిక లేని మనిషండి. ఆవిడకేమో చెప్పడానికి సిగ్గు."

"రోగానికి సిగ్గేంటి? మొగుడికి చెప్పమను."

"ఇప్పుడే చెప్పిందండి."

ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. తెర తీయలేదు, చెయ్యి వదలనూ లేదు. ఆమెకు ఏడుపొచ్చింది, దాంతోపాటే కాస్త నవ్వూ వచ్చింది.

మధ్యాహ్నం ఇద్దరూ ఆటో ఎక్కారు. "పొయ్యి మీద తైలం దించారా?" అని అడిగింది సందు మలుపులో. దించానన్నాడు. ఆమె ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

ఎన్నాళ్ళకో ఆయన తెర విప్పి, లోపల ఆమె కూర్చునే మూల ఊడ్చబోయాడు. గోడవారన కాగితప్పొట్లాలు కనిపించాయి. మొలలకు తానిచ్చే చూర్ణానివే, తన చేత్తో మడిచినవే. ఖాళీవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, పైన ఒక్కటి మాత్రం ఇంకా విప్పలేదు.