మనోడి కారు

పాత కారు కొని, దాని ముందు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే ఇంటిని చూడనివారు మనలో ఎవరున్నారు? గర్శకుర్తిలో మరమగ్గాల కార్మికుడు హనుమండ్లు ఇంటి ముందు ఆరోజు అదే సందడి. దిష్టి తీశారు, వాడంతా మిఠాయి పంచారు. బానెట్ ఎత్తి చూసినవారు మాత్రం ఒక్కరూ లేరు.

అది షోకు కోసం కొన్న కారు కాదు. హనుమండ్లు భార్య నర్మదకు కిడ్నీలు చెడిపోయాయి. కరీంనగర్‌లో డయాలసిస్ చేయించుకొని బస్సులో తిరిగి వస్తూ ఆమె సొమ్మసిల్లి పడిపోయేది. అది చూడలేక హనుమండ్లు అప్పు చేసి, చెన్నూరులో ఉండే, వరుసకు తమ్ముడయ్యే రంజిత్ దగ్గర ఈ కారు బేరమాడాడు.

"కావ్య బాపూ, ఒక్కసారి మెకానిక్‌కు చూపియ్యరాదు," అంది నర్మద, రంజిత్ చేతికి డబ్బు ఇవ్వబోతుంటే. బిడ్డ పేరు పెట్టే ఆమె భర్తను పిలుస్తుంది.

ఆ మాట విని రంజిత్ మొహం మాడ్చుకున్నాడు. "గదేందన్నా! నా మీద నమ్మకం లేకుంటె వద్దు తియ్. రేపు అమాస. ఇయ్యాల మంచి రోజు, తీస్కపోతె తీస్కపో."

హనుమండ్లుకు తల కొట్టేసినట్టయింది. "మనోన్ని అనుమానిస్తె మంచిగుంటదా?" అని భార్యనే కసిరాడు. మొహమాటం మన కొంపలు ముంచినంతగా ఏ దొంగా ముంచలేదు.

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒకనాడు ఆస్పత్రికి పోతుంటే, కొత్తపల్లి చేరకముందే కారు దగ్గి ఆగిపోయింది. ఏసీ ఆగింది. తలుపులన్నీ టక్కున లాక్ పడ్డాయి. బటన్ నొక్కితే అద్దాలు దిగలేదు. లాక్ పీకితే కదల్లేదు. తలుపును గుద్దితే భుజమే నొచ్చింది. వెనక సీట్లో నర్మద ఎగశ్వాస తీస్తోంది.

"గాలి... జర గాలి రానియ్యి..."

అద్దం పగలగొట్టడానికి పానా ఏదైనా దొరుకుతుందేమోనని హనుమండ్లు సీటు కిందికి చెయ్యి పోనిచ్చాడు. పిడికెడు ఒండ్రుమట్టి వచ్చింది. కారులో ఒండ్రు ఏమిటి? చెన్నూరు పక్కనే గోదావరి. మొన్నటి వానాకాలం వరద వచ్చింది. కారు ఆ నీళ్లలో మునిగింది! రంజిత్ దాన్ని కడిగి, సెంటు కొట్టి తనకు అంటగట్టాడు. సంగతి తెలిసింది గానీ, తెలిసి చేసేదేముంది? పక్క నుంచి లారీలు పోతున్నాయి. లోపలి కేక ఎవరికీ వినపడదు. తానే డబ్బు పెట్టి కొన్న పెట్టెలో భార్యను పెట్టి మూత వేశానని అతనికి అర్థమైంది. రెండు చేతులతో అద్దాన్ని బాదుతూ ఏడ్చాడు.

రోడ్డు పక్కన తాటిముంజలు అమ్ముతున్న సత్తమ్మ అది చూసి ఉరికివచ్చింది. "మొకాలు అటు తిప్పుకోండ్రి!" అని అరిచి, ముంజల కత్తిని తిరగేసి అద్దం మూలన బలంగా కొట్టింది. అద్దం పొడిపొడిగా రాలింది. నర్మదను కిటికీలోంచి లాగి, నీళ్లు చల్లి, ఆటోలో ఆస్పత్రికి చేర్చారు. ప్రాణం దక్కింది.

హనుమండ్లు రంజిత్‌కు ఫోన్ చేశాడు.

"నీళ్లల్ల మునిగిందా అని నువ్వు అడిగినవా అన్నా? చూసుకొనే గదా తీసుకున్నవ్," అని అతను ఫోన్ పెట్టేశాడు.

మగ్గాల షెడ్డు యజమాని భూమన్న ఇంటికొచ్చి దారి చూపాడు. "ఫికర్ చెయ్యకు. అద్దం ఏయించి, కడిగి, ఇంకోనికి అమ్మెయ్. మనోడెవడన్న దొరుకుతడు."

ఆ మాటకు హనుమండ్లు ఆశపడలేదంటే అబద్ధమే. నెత్తిన అప్పుంది. నర్మదకు మళ్లీ బస్సే గతి. అతను మంచం మీదున్న భార్య వంక చూశాడు.

"అమ్ముతె పైసలొస్తయ్," అంది ఆమె నీరసంగా. "గని గా అద్దాల ఎనుక ఇంకోని పెండ్లాం గాలి కోసం కొట్టుకుంటది. గదెట్లుంటదో నాకెరుక."

హనుమండ్లు కారును తుక్కు కింద అమ్మేశాడు. వచ్చింది అప్పులో ఏ మూలకూ చాలలేదు. ఆ మర్నాడు షెడ్డులో మగ్గాలు ఆపి, తోటివాళ్లందరినీ పిలిచి జరిగింది చెప్పాడు.

"మనోడైనా సరే, పైసలియ్యక ముందు మెకానిక్‌కు చూపియ్యుండ్రి, బండి కాగితాలు ఆర్టీవో ఆఫీసుల అడిగి చూసుకోండ్రి. అడిగితె కోపానికొచ్చేటోడు మనోడు కాదు. అడగనీకి సిగ్గుపడేది మనం, సచ్చేది మన ఇంటోళ్లు."