ఈరన్న గొంతు

మా పత్తి రైతుల వాట్సాప్ గ్రూపులో ఈరన్న మాటకు తిరుగులేదు. ఉరుకుంద ఈరన్నస్వామి ఫొటో పెట్టుకున్న నంబరు అది. పేరు లేదు. ఫొటో చూసి మేమే ఈరన్న అని పిలిచాం. మా వైపు ఇంటికొక ఈరన్న ఉంటాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఏ మందు కొట్టాలి, ఎప్పుడు మార్కెట్‌కు తోలాలి, అడిగిన వెంటనే రాసేవాడు.

అంతకు ముందు మాధురి అని ఒకామె ఉండేది. ఎమ్మిగనూరులో పత్తి మిల్లులో పని. తన ఫొటోతోనే రాసేది. ఆమె పురుగు గురించి రాస్తే ఎల్లప్ప "వంటయిందా అమ్మా" అని అడిగేవాడు. ఇంకొకడు గులాబీ పువ్వు పంపేవాడు. నెల తిరక్కుండానే వెళ్లిపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. తర్వాత కొన్నాళ్లకే కొత్త నంబరుతో ఈరన్న వచ్చాడు.

మొన్న కార్తీకంలో కళ్లాల నిండా పత్తి ఆరబోసి ఉన్నాం. ఎండ చురుక్కుమంటోంది. మధ్యాహ్నం ఈరన్న రాశాడు: "ఎమ్మిగనూరులో వాన దంచుతాంది. మీ పక్కకే వస్తాంది. పట్టలు కప్పండి."

కళ్లాల్లో ఉన్నవాళ్లలో సగం మందికి చదువు రాదు. పక్క కళ్లం అయ్యన్న వాయిస్ పంపాడు: "ఈరన్నా, నోటితో సెప్పప్పా. చదివేటోళ్లు లేరు ఈడ."

జవాబు రాలేదు. ఫోను చూస్తూ నిలబడ్డాను. తూర్పున సన్నగా నల్లటి గీత కనిపించింది.

అప్పుడొచ్చింది వాయిస్. ఆడగొంతు. "వాన వస్తాంది. అర్ధగంట కూడా లేదు. పత్తి కుప్పేసి కప్పండి."

ఎల్లప్ప వెంటనే అందుకున్నాడు. "ఎవరమ్మా నువ్వు? ఫోను ఈరన్నకియ్యి. మగోళ్ల మాటల్లో నీకేం పని?"

"ఈరన్న పెండ్లాం బయటపడినాది రా" అన్నాడు ఇంకొకడు. నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి.

వాటి మధ్యలో రెండో వాయిస్. "ఈరన్న ఎవరూ లేడు. రెండేండ్లుగా రాస్తాండేది నేనే, మాధురిని. తిట్టేదుంటే రేపు తిట్టండి. ఇప్పుడు పట్టలు తీయండి."

నేను పట్ట లాగాను. నా భార్య శోభ అప్పటికే కొంగు బిగించి పత్తిని కుప్పకు నెడుతోంది.

"ఆయమ్మ మొదట సెప్పినప్పుడే ఎందుకు కదల్లేదు నువ్వు?" అంది.

అయ్యన్న కళ్లంలో పరుగులు, కేకలు. "ఆ మూల పట్టుకో. రాయి పెట్టు, రాయి పెట్టు." గాలికి మా పట్ట లేచింది. దాని మీద అడ్డంగా పడుకున్నాను. చినుకులు వీపు మీద గులకరాళ్లలా పడ్డాయి. శోభ వచ్చి రెండో కొసన కూలబడింది. ఇద్దరం తడిసి ముద్దయ్యాం. చెయ్యి పట్ట కిందికి పోనిచ్చి చూశాను. పత్తి పొడిగా, వెచ్చగా ఉంది. పిల్లల్లా నవ్వుకున్నాం.

వాన నిలిచాక గ్రూపు నిండా పట్టల ఫొటోలు. "మాది దక్కింది అక్కా" అన్నాడు అయ్యన్న. నేను ఆ గ్రూపులో మొదటిసారి ఒక మాట రాశాను: "మాదీ."

ఎల్లప్ప చాలాసేపటికి నోరు విప్పాడు. "మాది సగం తడిసినాదమ్మా. ఏం సెయ్యాలో మీ ఇంటాయన్ను అడిగి సెప్పు."

"మా ఇంటాయన బడిపంతులు. ఆయనకు పత్తి తెలీదు" అంది మాధురి. "తడిసినది పొడిదాంట్లో కలపొద్దు ఎల్లప్పన్నా. వేరేగా, పలచగా ఆరబొయ్యి."



"ఎన్ని దినాలు?" అని అడిగాడు ఎల్లప్ప.

"రెండు ఎండలు. రేపు సాయంత్రం గుప్పెడు పత్తి పట్టుకోని ఫొటో తీసి పెట్టు, చూసి సెప్తాను."