ఆఖరి గాడి

మా తమ్ముడి బృందం వాయించేదాన్ని సంగీతం అనడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు. ఒకడు రంపం మీద వయొలిన్ కమాను లాగుతాడు. ఒకమ్మాయి గిన్నెలో గోళీలు తిప్పుతుంది. మావాడు ఎప్పటివో జానపదాలు పట్టుకొచ్చి, వాటికి ఈ గోలంతా తగిలించి పాడతాడు. "ఒరేయ్, మీ వడ్రంగి పని ఎప్పటికవుతుందని పక్కింటివాళ్ళు అడుగుతున్నార్రా" అంటే నవ్వేసేవాడు. అంత ఓపిక నాకు ఏడు జన్మలెత్తినా రాదు.

అమ్మ గొంతులో గడ్డ ఉందనీ, ఆపరేషన్ చేస్తే ప్రాణానికి ఢోకా లేదు గానీ మాట ఇక రాదనీ డాక్టరు చెప్పినరోజు నేను కూలబడి ఏడ్చాను. తమ్ముడు మాత్రం అమ్మ పక్కన కూర్చుని ఒక్కటే అడిగాడు.

"అమ్మా, మిషన్ కుడుతూ పాడతావే, ఆ పాట మాకిస్తావా? గ్రామఫోన్ రికార్డు వేస్తాం. వంద కాపీలే వేస్తాం, మళ్ళీ వెయ్యం."

అమ్మ దర్జీ. మా ఇద్దర్నీ ఆ కుట్టుమిషన్ మీదే పెంచింది. కాలు తొక్కుతుంటేనే ఆవిడకు పాట వస్తుంది, ఊరికే కూర్చోబెడితే ఒక్క చరణమూ గుర్తుకు రాదు. స్టూడియోలో మైకు ముందు నిలబెడితే నీళ్ళు నమిలింది. దాంతో వాళ్ళే మైకులు మోసుకుని మా ఇంటికొచ్చారు.

"ఒక్కసారే తీస్తాం ఆంటీ" అన్నాడు రంపం అబ్బాయి. "మధ్యలో కొయ్యడాలూ అతకడాలూ మాకు లేవు. ఎలా వస్తే అలా."

"అతుకు లేకుండా కుట్టడం నాకే చేతకాదు, మీరు ఘనులే నాయనా" అంది అమ్మ బొంగురుగొంతుతో.

మిషన్ సూది కింద దిండు గలీబు ఒకటి పెట్టి మొదలుపెట్టింది. గాలికి గుండీలు కుట్టమని మారాం చేసే పిల్ల పాట అది. అక్కడక్కడా గొంతు జీరపోయింది. జీరపోయిన చోటల్లా రంపం సన్నగా అందుకుంది. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు జల్లుమంది. గుమ్మంలో అలాగే నిలబడిపోయాను.

పాట అయిపోయింది. మిషన్ ఆగింది. మైకులింకా ఎవరూ ఆపలేదు. ఇంతలో అమ్మ అరిచింది.

"ఒసేయ్, పాలు చూడవే!"

స్టవ్ మీద పెట్టి మరిచిపోయాను, నా మతిమరుపు మండా! తుడిచి వచ్చి, "ఇంకోసారి పాడమ్మా" అని బతిమాలాను. అమ్మ గొంతు పట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత ఆవిడ పాడలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. అమ్మ దక్కింది, అది చాలనుకున్నాను. కానీ ఇంట్లో ఆ నిశ్శబ్దం నన్ను తినేసేది.

ఆ రోజుల్లోనే తమ్ముడు ఒక నమూనా రికార్డు పట్టుకుని, మొహం వేలాడేసుకుని వచ్చాడు. రికార్డులన్నిటికీ అచ్చుగా వాడే మొదటి పళ్ళెం మీద, ముల్లు నడిచే గాడులు చెక్కే ఆవిడ ఒకరున్నారు. మిషన్ చప్పుడు ఆగగానే అంతా అయిపోయిందనుకుని, ఆఖరి గాడిని గుండ్రంగా మూసేసిందట. ఆ గాడిలో పడిన ముల్లు ఎవరైనా తీసేదాకా అక్కడే తిరుగుతుంది. సరిగ్గా అప్పుడే అమ్మ కేక వచ్చి అందులో పడింది.

"ఆవిడ లెంపలేసుకుంటోందక్కా. మళ్ళీ చెక్కమననా?"

"చెక్కక? వందమంది ఇళ్ళల్లో మా అమ్మ పాలు చూడవే, పాలు చూడవే అని అరుస్తూ తిరగాలా? బుద్ధుండక్కర్లా!"

వాడు రికార్డు పెట్టాడు. పాట సాగినంతసేపూ అమ్మ కాలు నేలను తొక్కుతూనే ఉంది. తర్వాత కేక వచ్చింది. ఒసేయ్, పాలు చూడవే. ఒసేయ్, పాలు చూడవే. ముల్లు తియ్యబోతే అమ్మ నా మణికట్టు పట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందేమోనని హడలిపోయి చూస్తే, నవ్వుతోంది! కళ్ళు తుడుచుకుని, ఉండనీ అన్నట్టు చెయ్యి ఊపింది.

అలాగే అచ్చయింది. అన్నీ అమ్ముడుపోయాయి. మాకని తీసిపెట్టింది ఒకటి మా ఇంట్లో, కుట్టుమిషన్ పక్కనే ఉంది.

మొన్న పెరట్లో బట్టలు ఆరేస్తుంటే లోపల్నించి వినపడింది. "ఒసేయ్, పాలు చూడవే!" బట్టలక్కడే పడేసి వంటింట్లోకి పరిగెత్తాను. స్టవ్ ఆర్పే ఉంది. దాని మీద గిన్నె కూడా లేదు.

ముందుగదిలో అమ్మ ఒక చేత్తో సూది, ఒక చేత్తో దారం పట్టుకుని కూర్చుంది. ఆవిడకు చూపు ఆనడం లేదు. పక్కన రికార్డు తిరుగుతోంది. నన్ను పిలవడానికి తిన్నగా ఆఖరి గాడిలోనే ముల్లు పెట్టింది!

"చప్పట్లు కొట్టొచ్చుగా! గుండె ఆగినంత పనైంది" అని ఎగిరాను. అమ్మ ఏమీ ఎరగనట్టు సూది చాపింది.

సూదికి దారం ఎక్కించడానికి నాకు మామూలుకంటే ఎక్కువసేపు పట్టింది, కళ్ళల్లో నీళ్ళతో బెజ్జం కనపడితేగా. ఆ రంపానికీ, గోళీలకూ, మా తమ్ముడికీ, తొందరపడి గాడి మూసేసిన ఆ మొహమెరగని మహాతల్లికీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

పని అయింది కదా అని అమ్మ ముల్లు తియ్యబోయింది. ఈసారి నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఉండనీ అమ్మా, ఇంకాసేపు పిలువు."