కాముని పున్నమికి ముందే వేసిన సున్నం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు మెట్‌పల్లిలో ఎండలు తొందరగా ముదిరాయి. భర్త లచ్చయ్యతో ధర్మపురి జాతరకు బయలుదేరుతూ బాలవ్వ కోడలికి ఒకటే మాట చెప్పింది.

"ఉగాది సున్నం ఇప్పుడే వెయ్యకు బిడ్డా. కాముని పున్నం పోనియ్యి. నేనొచ్చినంక ఇద్దరం కలిసి వేద్దాం."

కోడలు అనసూర్య తలూపింది కాని ఆగలేకపోయింది. పెళ్లయిన రెండో ఏడు. మంథనిలో పుట్టింటి గోడలకు ఏటేటా తనే సున్నం వేసేది. ఇక్కడ అత్త ఎదుట కుంచె పడితే పూత పూతకూ ఒక మాట వస్తుందని భయం. ఆమె తిరిగొచ్చేసరికే ఇల్లు మెరిసిపోవాలనుకుంది.

అత్తమామలు అటు బస్సెక్కగానే ఇటు గోలెంలో సున్నం నానింది. పొలం నుంచి వచ్చిన భర్త కొండల్ అది చూసి హడలిపోయాడు.

"అవ్వ వద్దన్నది గదనే?"

"వచ్చి చూసి మురుస్తది. నువ్వు జర నిచ్చెన పట్టుకో."

రెండు పూతలు వేసి, కింద ఎర్రగా జాజు పట్టీ దిద్దింది. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తుంటే ఆమెకు ఆకలి కూడా వేయలేదు.

పున్నమి వచ్చింది. కాముణ్ణి కాల్చిన మర్నాడు వాడకట్టు ఆడవాళ్లు మోదుగుపూలు ఉడికించిన రంగు బిందెలతో హోళీ ఆడటానికి బయలుదేరారు. అనసూర్య చేతులు చాపి గోడకు అడ్డం నిలబడింది.

"ఇటు రాకుండ్రి! గోడ ఖరాబైతది. మా అత్త నన్ను బతకనియ్యది."

"సరే వదినె, నీ గోడ నువ్వే కాసుకో" అని పక్కింటి సారక్క నవ్వుతూ అందరినీ ముందుకు తీసుకుపోయింది.

గోడ మీద చుక్క పడలేదు. అనసూర్య చీర మీదా పడలేదు. పక్క గల్లీలోంచి కేకలు, నవ్వులు వినిపిస్తుంటే ఆమె అటే చెవి ఒగ్గి నిలబడింది. ఇంతలో కొండల్ నిలువునా తడిసి వచ్చాడు. ఆమె పొడి చీర చూసి జాలిపడ్డాడు.

"నిన్నెవ్వరు తడుపలేదా?"

అంతే, అనసూర్య గల్లీలోకి పరుగెత్తింది. "సారక్కా, ఏడున్నరే? రాండ్రి!"

వాళ్లు రానే వచ్చారు. సారక్క చేతిలోని బిందె గుంజుకొని ఆమె నెత్తిన కుమ్మరించింది అనసూర్య. ఆ తర్వాత ఎవరు ఎవరిని తడిపారో తెలియదు. సాయంత్రానికి గోడంతా కాషాయం చారలు, చేతి అచ్చులు. గుడ్డతో తుడిస్తే రంగు ఇంకా పాకింది.

రెండు రోజులకు బాలవ్వ తిరిగొచ్చి, గోడను పైనుంచి కింది దాకా చూసింది.

"తప్పయింది అత్తా. నీ మాట వినలే."

"ఆడుకున్నవా?"

"ఆ."

"అందుకే ఆగుమన్న పిల్లా! సున్నమేస్తే గోడకు కావలి కూసుంటవని."

లచ్చయ్య మళ్లీ సున్నం తెస్తానంటే బాలవ్వ వద్దంది. "ఉగాది ఇంక దూరమున్నది. అప్పటిదాక ఉండనియ్యి, మంచిగనే ఉన్నది."

పండుగ దగ్గర పడ్డాక అత్తాకోడళ్లు కలిసి సున్నం వేశారు. పైభాగం కోడలికి వదిలి బాలవ్వ కింది పని పట్టుకుంది. మధ్యాహ్నానికి ఇద్దరి మొహాలూ, జుట్టూ తెల్లబడ్డాయి. ఆకలితో ఇంటికొచ్చిన కొండల్ నిచ్చెన మీది అనసూర్యను చూసి, "అవ్వా, బువ్వ పెట్టు" అన్నాడు.

నిచ్చెన పట్టుకున్న బాలవ్వ నవ్వాగక కింద కూలబడింది.