భారతి ఆట చివర

కామెర్లతో భారతి చనిపోయిన మరుసటి ఏడు, 1987లో, ఆమె తల్లి నిర్మల రోజూ మధ్యాహ్నం ఒక ఆట ఆడేది. ఇంజనీరింగ్ చదువుతూ భారతి స్వయంగా రాసిన ఆట అది. మేనమామ బొంబాయి నుంచి తెచ్చిన చిన్న కంప్యూటర్‌ను టీవీకి తగిలించి, టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ తిప్పితే ఆట అందులోకి ఎక్కేది. తెర మీద పిల్ల బతుకమ్మకు తంగేడు పూలు కోస్తూ పాములున్న వాగులు దాటాలి. మూడు ప్రాణాలు.

"ఆఖర్ల ఏం పెట్టిన్నో చెప్ప. నువ్వే ఆడి సూడే అమ్మా" అనేది భారతి. నిర్మల మూడో వాగు ఎప్పుడూ దాటలేదు.

"మళ్ల పాము మింగిందా?" అన్నాడు భర్త కిషన్ రావు.

"నవ్వకు. నువ్వైతే మొదటి వాగుల్నే మునుగుతవు."

హనుమకొండలో ఆయనది క్యాసెట్లలో పాటలు ఎక్కించే షాపు. భారతితో చదివిన మల్లికార్జున్‌ను ఒకరోజు ఇంటికి పిలిచాడు.

"జర ప్రాణాలు పెంచు బిడ్డా. మీ చిన్నమ్మ ఆట ఆఖరు సూడాలె."

మల్లికార్జున్ ఆటను ఎక్కించి, ప్రోగ్రాంలో మూడు తీసి తొంభై తొమ్మిది కొట్టాడు. "కరెంటు పోతే ఇది పోతది. వేరే క్యాసెట్ల దింపాలె. పాతదాన్ని ముట్టద్దు కాకా. మీ షాపుకు పోయి కొత్తది తెస్త. అది పెట్టినంక రికార్డు నొక్కి, కంప్యూటర్ల ఈ మీట నొక్కుడే" అని సైకిలెక్కాడు.

కిషన్ రావు ఆగలేదు. భారతి తన చేత్తో పేరు రాసిన క్యాసెట్లోనే ఆట ఉండాలనుకున్నాడు. రికార్డు మీట దిగలేదు. చెరిగిపోకుండా ఉండాలని క్యాసెట్ అంచునున్న ప్లాస్టిక్ రెక్కను భారతి ఎప్పుడో విరిచేసింది. షాపులో కంపెనీ క్యాసెట్ల మీద వేరే పాటలు ఎక్కించడానికి ఆయన రోజూ చేసే పనే ఇక్కడా చేశాడు. ఆ బొక్కకు కాగితం అంటించి, మొదటి నుంచి రికార్డు పెట్టి, మల్లికార్జున్ చూపిన మీట నొక్కాడు.

సగంలో కరెంటు పోయింది.

మల్లికార్జున్ వచ్చాక కరెంటు వచ్చింది. కంప్యూటర్‌లో ఆట లేదు. క్యాసెట్లో సగం కొత్తది, సగం పాతది. ఎన్నిసార్లు తిప్పినా ఎక్కలేదు.

"కాగితం పెట్టింది నేనే" అన్నాడు కిషన్ రావు.

నిర్మల ఆయన వైపు చూడలేదు. "నువ్వు ప్రోగ్రాం సూసినవ్ గద మల్లికార్జున్, ఆఖర్ల ఏం రాసింది?"

"ప్రాణాల లైన్ ఒక్కటే సూసిన చిన్నమ్మా. కిందికి పోలే."

మళ్లీ అతనే అన్నాడు: "నేను మళ్ల రాస్త. వాగులు, పాములు, అన్నీ యాదికున్నయి."

"రాస్తవు బిడ్డా. ఆఖర్ల ఏం పెడ్తవు?"

కిషన్ రావు లేచి టీవీ ఆపాడు.