విఠల్ సేట్ గోడ మీది పిట్ట

నేను ఒక రంగుల కుంచెను. కార్ఖానాలో నాకు చెక్క పిడి తొడిగి, మెడకు రేకు పట్టీ బిగించి బజారుకు తోలారు. ముషీరాబాద్‌లో బోర్డులు రాసే ఓదేలు నన్ను కొన్నాడు. కొనేముందు అరచేతి మీద రుద్ది చూశాడు. పనిముట్టును అలా చూసి కొనేవాడి చేతిలో నాకు నష్టం రాదని అప్పుడే తేల్చుకున్నాను.

షట్టర్లు, ఆటోల వెనకభాగాలు, నీళ్ల ట్యాంకర్లు, ఎక్కడ రాసినా యజమాని చెప్పిన అక్షరాలే రాయాలి. ఓదేలుకు సొంతమంటూ ఒక్కటే. పని అయ్యాక కింది మూలలో, సంతకానికి బదులు, ఒక పిచ్చుకను కూర్చోబెట్టేవాడు. ఇస్త్రీ దుకాణం దగ్గర అది రెక్కలు సవరించుకునేది. బస్టాపు దగ్గర రుసరుసలాడేది. బోర్డు చదవనివాళ్లు కూడా దాన్ని చూసి నవ్వుకుంటూ పోయేవారు.

విఠల్ సేట్ టీ హోటల్ గోడ మీద మాత్రం దాన్ని బతకనివ్వలేదు. సేట్ సున్నం కొట్టించాడు.

"గోడ నాది. నీ పిట్టకు ఇక్కడేం పని ఓదేలూ?" అన్నాడు గల్లా దగ్గర నుంచి, అందరూ వినేలా.

"అరచేతంత జాగనే గద సేటూ."

"అరచేతంతయినా నాదే. గీసుకుంటే నీ ఇంటి గోడ మీద గీసుకో."

టీ తాగేవాళ్లంతా నవ్వారు. ఓదేలుది కిరాయి గది అని వాళ్లకు తెలుసు.

ఓదేలు నన్ను సంచిలో వేసుకుని నడిచాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. జరిగింది మరిచిపోవడాన్ని మనుషులు మంచితనం అంటారు. నా లెక్కలో అది నష్టం.

ఎండాకాలం చివర సేట్ మళ్లీ పిలిపించాడు. ధరలు మారాయట, గోడంతా కొత్తగా రాయాలట.

"నీళ్ల రంగుతోనే కానియ్యి. ఆయిల్ పెయింట్ దండుగ."

"వానకు ఆగదు సేటూ."

"చెప్పింది చెయ్యి."

"సరే" అన్నాడు ఓదేలు. ఎండ కొడుతోందని గోడకు అడ్డంగా పరదా కట్టాడు. ముందు తన సొంత ఆయిల్ పెయింట్‌లో నన్ను ముంచి బొమ్మ వేశాడు. అది ఆరాక పైన సేట్ కోరిన నీళ్ల రంగు దట్టంగా పూసి, ధరలన్నీ ముత్యాల్లా రాశాడు. సేట్ మెచ్చుకున్నాడు కూడా.

తొలి వాన గట్టిగా కొట్టింది. గోడ మీది ఇడ్లీ, వడ, పూరీ ధరలు వరుసగా కింది మురికి మోరీలోకి జారిపోయాయి. గోడంత పిచ్చుక బయటపడింది. దాని ముక్కున విఠల్ సేట్ విగ్గు. కింద, నున్నటి బోడితలను రెండు చేతులతో కప్పుకుంటున్న సేట్. తనది విగ్గని ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. తెలియనివాడు ఆ వీధిలో ఎవడూ లేడు.

సేట్ సున్నం కొట్టించాడు. మరుసటి వానకు అదీ దిగిపోయింది. జనం గొడుగులతో వచ్చి, టీ చేతబట్టుకుని మబ్బుల కోసం చూసేవారు. గల్లా నిండుతోంది, సేట్ మాత్రం తల ఎత్తలేకపోతున్నాడు. ఆ లెక్క నాకు బాగా నచ్చింది.

చివరికి ఆయనే ఓదేలు గదికి వచ్చాడు.

"గిరాకీ దాంతోనే వస్తుంది, గోకెయ్యలేను. పిట్ట ఉండనియ్యి. నా నెత్తి మీద జర జుట్టు పెట్టు, ఓదేలన్నా."

అంతవరకు ఆయన నోట 'అన్నా' అనే మాట వినలేదు. గ్యాసునూనెలో నన్ను కడుగుతున్న ఓదేలు తల తిప్పలేదు.

"జుట్టు పిట్ట దగ్గరున్నది సేటూ. దాన్నే అడుగు."

ఇప్పుడు ఓదేలు చేతిలో కొత్త కుంచె ఉంది. నేను గూట్లో పాత డబ్బాలో ఉన్నాను. నా జుట్టూ రాలిపోయింది. నేను మాత్రం దాచుకోవడం లేదు.